మిషన్‌కు చెప్పిన గుర్తులు

కొత్తగూడ,
సమ్మె రోజులు, 2011

కుబ్రాకు సలాం.

ఇక్కడ నేను, మేకలు క్షేమం. పట్నంలో నువ్వు, బిడ్డ నిషాత్ క్షేమమని నమ్ముతాను. తెలంగాణ కోసం సమ్మె కదా, బస్సులు బంద్. మానుకోట నుంచి జీపులు నడుస్తున్నాయి. మోకాలి నొప్పి అడిగావు, తగ్గింది. పెసర్లు ఎండబెట్టాను.

నువ్వు నిషాత్‌తో రాయించిన ఉత్తరం పక్కింటి పోశమ్మకు చదివి వినిపించాను. బిడ్డ కంప్యూటర్‌లో బొమ్మ చూపిస్తుందట, అదెట్లా ఉందో నువ్వు మాటల్లో చెప్తావట, ఆ మాటల గుర్తుతో ఆ మిషన్ తానెన్నడూ చూడని బొమ్మలో కూడా ఆ వస్తువును పట్టుకుంటుందట. నువ్వు మామిడి తొక్కు అంటే, బిడ్డతో పనిచేసే కోస్తా ఆయన అది పచ్చడని తెలియక 'తొక్క' అని రాసుకున్నాడట. మిషన్ అరటి తొక్కల కుప్ప చూపిందట! "పొట్టు కాదు సారూ! ఎర్రగుంటది, మీద నూనె తేలుతది, జాడీల ఉంటది" అని నువ్వంటే అప్పుడు జాడీ చూపిందట. పోశమ్మ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఉత్తరం మాత్రం మళ్లీ చదవలేదు.

నాకు దూరపు చూపు ఆనదని నీకొక్కదానికే తెలుసు. గడప మీద కూర్చుని "అగో, కాలు ఈడ్చుకుంట వస్తున్నడు, కొమురెల్లి" అని నువ్వు చెవిలో అంటేనే నేను "ఏం కొమురెల్లీ" అని పిలిచేవాణ్ణి. ఆ మాటలు నా ఒక్కడివే అనుకున్నాను.

మొన్న జీపు దిగిన ఆడమనిషిని దూరం నుంచే నువ్వనుకుని ఎదురుపోయి, చేతిలో మూట అందుకుని "వచ్చినవా కుబ్రా" అన్నాను. చూస్తే పోశమ్మ.

"ఏంది పీరన్నా, వదిన మీద గంత పాణం గుంజుతున్నదా? మూట ఇడువు, మా ఇంటి బియ్యం గవి!"

జీపంతా నవ్వింది. మూట ఇచ్చేసి వచ్చాను.

నిషాత్ బిడ్డా, ఇక్కడి నుంచి మీ అమ్మకు జర మెల్లగ చదివి వినిపించు.

కుబ్రా, ఇంకో రెండు నెలలు ఉండనా అని అడిగావు. ఉండమని రాయడానికే కూర్చున్నాను. చేయి రాలేదు. ఆ మిషన్ మీద నాకు కుళ్లుగా ఉంది. నా ఫోటో కూడా దానికి చూపించామని రాశావు. ఏమేమి గుర్తులు చెప్పావో రాయలేదు. ఊరందరినీ నాకు మాటల్లో చూపించావు. నీ కంటికి నేనెట్లా ఉంటానో ఇన్నేళ్లలో చెప్పలేదు, నేనూ సిగ్గుపడి అడగలేదు. అది ఇప్పుడు దానికి తెలుసు.

ఉండకు. జీపులోనే రా. వచ్చి ఆ మాటలు నాకు చెప్పు.

ఇట్లు,
నిషాత్ వాళ్ల అబ్బా,
పీరా