వాన పడితే పోయే దయ్యం

తుబ్లీ క్యాంపు, బహ్రెయిన్

బిడ్డా లాస్యా,

నువ్వు ఫోన్ దగ్గరికి రావడమే మానేశావు కాబట్టి, సెలవు మీద ఊరికొస్తున్న పరమేశ్ చిన్నాయన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అమ్మ చదివి వినిపిస్తుంది.

నువ్వు జడుసుకుని సగంలో ఆపేసిన ఆ రైలు బొమ్మల కథను మా రూములో అందరం కలిసి ఫోన్‌లో చివరిదాకా చూశాం. ఇక్కడ రైళ్ళే లేవు కదా, ఎగబడి చూశారు. సొరంగంలోంచి తెల్లటి దయ్యం ఇంజిన్ రాగానే చిన్న ఎర్ర ఇంజిన్ గజగజ వణికింది. మాలో పెద్దవాడు పోశన్న తాత. ఆయనకు పాపమనిపించి, వంటగదిలోంచి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దానికి దిష్టి తీశాడు. ఫోన్ చుట్టూ తిప్పి థూ థూ అన్నాడు బిడ్డా! మేం నవ్వలేక చచ్చాం.

తర్వాత ఏమైందో తెలుసా? వాన పడింది. దయ్యం తెలుపంతా కారిపోయి కింద నల్ల ఇంజిన్ బయటపడింది. పాపం, పొద్దంతా సిమెంటు మోసి ఇంటికి పోతోంది, అంతే.

“ఇది దయ్యమేందిరా! డ్యూటీ దిగినంక మనం గిట్లనే ఉండమా?” అన్నాడు తాత. రూమంతా చప్పట్లు.

అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు నిన్ను చూడాలన్న తొందరలో సిమెంటు కొట్టుకున్న ముఖం కడుక్కోకుండానే వీడియో కాల్ చేశాను. నువ్వు కెవ్వుమని పారిపోయావు.

గురువారం డ్యూటీ దిగగానే మళ్ళీ చేస్తాను. అలాగే తెల్లగా వస్తాను. నువ్వు “వాన!” అని కేకెయ్యి. నేను బకెట్ నీళ్ళు నెత్తిన కుమ్మరించుకుంటాను. కింద ఎవరున్నారో నువ్వే చూసి చెప్పు.

నీ బాపు