ఒక చేతి గాజులు

ఆదోని, మంగళవారం

నాయనా, నేను క్షేమం. ఈ కార్డు అరుగు మీద గట్టిగా చదవకు, పక్కింటి సిద్దమ్మ వింటుంది.

ఆమె కూతురు ఉచ్చీరమ్మ కుడిచెయ్యి పత్తిమిల్లు యంత్రంలో పడింది. నేను పనిచేసే ఆస్పత్రిలోనే మోచేతి దాకా తీసేశారు. "అక్కా, బొటనేలు దురద పెడతాండాది, గీకు" అని లేని చేతి కోసం ఏడుస్తుంటే వార్డంతా పిచ్చి అంది. కాదనవద్దు, అబద్ధమూ ఆడవద్దు, పక్కన కూర్చోమంది మా పెద్ద నర్సమ్మ. రోజూ కూర్చుంటున్నాను.

అమ్మ దగ్గు తగ్గిందా? ఎండు జొన్నరొట్టెలు పంపించు. అందరికీ నా వందనాలు.

సిద్దమ్మకు సంగతి చెప్పి, కడుపారా ఏడవనిచ్చి, అప్పుడే పంపు. ఇక్కడ ఏడిస్తే పిల్ల తట్టుకోలేదు. నిన్న ఉచ్చీరమ్మ మొదటిసారి తానే అంది: "పండక్కి మాయమ్మ గాజులు తెస్తాది. ఒగ చేతికే తెమ్మని రాయక్కా."

నీ బిడ్డ
సంతోషమ్మ