ఒక సద్ది పోనీకి

సుజాత నాయినా,

నువ్వు దుబాయిలో పరంజా మీంచి పడి ప్రాణం పోయి ఈ రోజుకు రెండేళ్లు. ఈ రోజే పక్క ఖోలీ గదిలో ఉండే యాదయ్య కూడా దుబాయి విమానం ఎక్కుతున్నాడు.

ఇక్కణ్నుంచి అక్కడికి ఆకాశం మీద పందొమ్మిది వందల కిలోమీటర్లట. మన సుజాత బడిపుస్తకంలో పటం కొలిచి చెప్పింది. మీ అమ్మకు కిలోమీటర్లు తలకెక్కవు. దూరాన్ని దారికి కట్టే సద్దులతోనే లెక్కేస్తుంది. ఇక్కణ్నుంచి మన పాలమూరు పోయే రైలుకు రెండు సద్దులు. దుబాయి ఇంకా దూరమని నీకు మూడు మూటలు కట్టించింది. "మూడు గంటల్లనే దించిండ్రు, ఒక్క మూట గూడ విప్పలే" అని నువ్వు రాస్తే ఎన్ని రోజులు నవ్వుకున్నామో.

పొద్దున్నే యాదయ్యకు జొన్నరొట్టెలు నేనే చేశాను.

"ఒక్క సద్ది చాలు గదా అత్తా?" అన్నాను.

"రెండు గట్టు బిడ్డా. ఒకటి పోనీకి, ఒకటి రానీకి."

"వచ్చేదాక ఉంటదా? పాసిపోతది."

"పాసిపోనీ."

రెండూ కట్టి ఇచ్చాను. నీకు కట్టిన మూడూ పోవడానికే.