చుక్కాని బండి

ఉప్పాడ,
ఆగస్టు, ఆదివారం.

బేబీకి,

లోవరాజు రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం, నువ్వూ అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా. అందులో ముప్పావు వంతు నిజం. మిగిలిన పావు వంతు కింద రాస్తాను. కంగారుపడి చివరి పేజీ ముందు చదవకు, వరసగా చదువు. ఈ రోజుకు అందరం బాగానే ఉన్నాం, అది మాత్రం పూర్తిగా నిజం.

మన వీధి తబిత సెలవు అయిపోయి ఎల్లుండి మళ్ళీ మస్కట్ వస్తోంది. దాని చేతికే ఈ ఉత్తరమూ, ఆవకాయ సీసా ఇస్తున్నాను. పోయినసారి నువ్వు దాంతో పంపిన ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. ఖర్జూరాలు అమ్మ దాచింది. ఎక్కడ దాచిందో ఇప్పుడు అమ్మకే తెలియదు. ఫోన్లో అయితే పక్కనే నువ్వు చూసుకునే ఆ ముసలావిడ ఉంటుంది, మనసు విప్పి మాట్లాడలేను, అందుకే ఉత్తరం అన్నావు. నా సంగతి వేరు. నాకు అడ్డం ఎవరూ లేరు గానీ, నీ ముఖం చూస్తూ కొన్ని చెప్పలేను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. సముద్రం ఇంకా మన ఇంటి దాకా రాలేదు. బండరాళ్ళు వేశారు గానీ మొన్న అమావాస్య పోటుకు నీళ్ళు వాటి మీంచి దూకి రోడ్డు కోసేశాయి. ముందు వరస ఇళ్ళవాళ్ళు సామాను మూటలు కట్టుకునే పడుకుంటున్నారు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మింగానా లేదా అని మన పాప సాయిదుర్గ నోరు తెరిపించి మరీ చూస్తోంది. అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. ఎవరితోనైనా తగువుకు వెళ్ళాల్సి వస్తే మాత్రం కనపడవు.

పాప జడ తాడు పేనినట్టు ఉందేమిటి అన్నావు. తాడు పేనే చేత్తోనే వేశారు మరి. ఆ జడ నేను వేస్తున్నాను. నేనెందుకు వేయాల్సి వచ్చింది, పాప ఫోన్ ఎప్పుడూ ఎడమ చేత్తోనే ఎందుకు పట్టుకుంటోంది, ఈ రెండిటికీ జవాబు ఒకటే. దాని దగ్గరకే వస్తున్నాను.

వీడియోలో నా వెనక పెరట్లో కనపడిన నీలం రంగు పెట్టె ఏంటి, గొడ్ల కుడితి తొట్టా అని అడిగావు. అది బండి. నవ్వకు. తుని వైపు కొండ రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పందెం పెడుతున్నారని పాప చెప్పింది. బండికి ఇంజను ఉండకూడదు, పెడలు ఉండకూడదు. పైనుంచి వదిలితే పల్లానికి దానంతటదే దొర్లుకుంటూ రావాలి. బ్రేకు, హెల్మెట్ ఉండాలి. బండి సొంతంగా చేసుకోవాలి, నడిపేది ఎవరైనా పర్లేదు. అమ్మ విని, “దిగడానికి బండేంటే, కాళ్ళు లేవా?” అంది.

అప్పుడు వేట నిషేధం రోజులు. పడవలు ఒడ్డున బోర్లించి ఉన్నాయి, మగవాళ్ళం అరుగుల మీద ఉన్నాం. ఇంట్లో కూర్చుంటే నాకు తిండీ ఎక్కువే, కోపమూ ఎక్కువే, నీకు తెలుసు. పాప పాలిటెక్నిక్ నుంచి రాగానే కాగితం మీద బొమ్మ గీసి చూపించేది, నేను చెక్క కోసేవాడిని. పాత తెప్ప చెక్కలతో అడుగు వేశాం. చిన్నపిల్లల సైకిళ్ళ చక్రాలు నాలుగు సంపాదించాం, ఒక పాత ఆటో సీటు బిగించాం. పడవకు వేయగా మిగిలిన నీలం రంగు దీనికి పూశాం. ఆ రోజుల్లో పాపా నేనూ మాట్లాడుకున్నంత, దాని చిన్నప్పటి నుంచి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను చాలా సంతోషంగా ఉన్నాను బేబీ.

ముందు ఇరుసు మధ్యలో ఒక బోల్టు మీద తిరుగుతుంది. దాన్ని తిప్పడానికి రెండు చివరలా తాళ్ళు కడదామంది పాప. కుడి తాడు లాగితే కుడికి, ఎడమ తాడు లాగితే ఎడమకు. నేను ఒప్పుకోలేదు. “తాడు జారుద్దమ్మా, కర్ర జారదు” అని ఇరుసుకు ఒక కర్ర బిగించి, దాని కొస డ్రైవరు చేతికి వచ్చేలా వెనక్కి పెట్టాను. నా చేతికి తెలిసింది అదొక్కటే. పడవకు ఉన్న చుక్కాని కర్ర లాంటిదే. కర్ర ఎడమకు నెడితే బండి కుడికి పోతుంది, కుడికి నెడితే ఎడమకు పోతుంది. నాకు అందులో వింతేమీ కనపడలేదు. చిన్నప్పటి నుంచి పట్టుకున్నది అదే కదా.

మన ఊళ్ళో పల్లం అంటే ఉప్పుటేరు వంతెన దిగుడు ఒక్కటే. ఎండవేళ ఎవరూ లేనప్పుడు బండి అక్కడికి తోసుకెళ్ళాం. మొదట నేను దిగాను. వెన్నలా వచ్చింది. తరవాత పాప కూర్చుంది. సగం దిగేసరికి మేక ఒకటి అడ్డం వచ్చింది. పాప కుడికి తప్పించబోయి కర్ర కుడికి లాగింది. బండి ఎడమకు పోయి వంతెన గోడకు కొట్టుకుంది. మేక బాగానే ఉంది. పాప కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

ఇదీ ఆ పావు వంతు. గుండె చిక్కబట్టుకో. ఎముక అతికింది, కట్టు విప్పేశారు, డాక్టరు గారు రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నారు, పిసుకుతోంది. కట్టు ఉన్నన్నాళ్ళూ నీతో మాట్లాడేటప్పుడు ఆ చెయ్యి చున్నీ కింద పెట్టుకుంది. పెట్టుకోమని చెప్పింది నేనే. నువ్వు వెళ్ళేరోజు బస్సు మెట్టు మీద నిలబడి, “పాపని నీ చేతుల్లో పెట్టి వెళ్తున్నాను” అన్నావు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఆ మాటే వినపడింది. సముద్రం మధ్యలో ఇంజను ఆగిపోయి కొట్టుకుపోయిన రాత్రి కూడా నాకు అంత భయం వేయలేదు.

ఇంకొకటి ఉంది. ఇది అంతకంటే చెప్పడం కష్టం.

చేతికి కట్టు ఉండగానే పాప, “నాన్నా, ఆ కర్ర తీసేసి తాళ్ళు కట్టెయ్యి. కట్టు విప్పాక నేనే నడుపుతాను” అంది. బోల్టు పట్టేసిందమ్మా అన్నాను. ఉప్పు గాలికి తుప్పెక్కి కదలట్లేదు, కోస్తే ఇరుసు చీలుతుంది అన్నాను. అబద్ధం. ఆ బోల్టు పానా అక్కర్లేకుండా వేళ్ళతో తిప్పినా వస్తుంది. కర్ర అలా ఉన్నంతకాలం ఆ బండి నేను తప్ప ఎవరూ నడపలేరు. పాప మళ్ళీ అందులో కూర్చోకూడదు, నాకు కావలసింది అంతే. పందెంలో నేనే నడుపుతానన్నాను. “సరే నాన్నా” అని ఊరుకుంది. మెకానికల్ చదివే పిల్ల బోల్టు మాట నమ్మి ఎలా ఊరుకుందా అన్న అనుమానం నాకు తట్టనే లేదు.

పోయిన ఆదివారం పందెం. బండిని వ్యానులో వేసుకుని వెళ్ళాం. దారిలో తలుపులమ్మ తల్లి దర్శనం అవుతుందని అమ్మ కూడా బయల్దేరింది. కొండ మీద రకరకాల బండ్లు. ఒకటి విమానంలా ఉంది, ఒకటి అరటిపండులా ఉంది. మలుపుల దగ్గర గడ్డి మోపులు పేర్చారు. విమానం మొదటి మలుపులోనే గడ్డిలో దిగింది. మా వంతు వచ్చింది. నేను హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. పాప వచ్చి నా ముందు నిలబడింది.

“నాన్నా, దిగు.”

“ఏంటి?”

“నేను నడుపుతాను. దిగు.”

“నీకు తిరగదమ్మా. నువ్వు కుడికి లాగితే అది ఎడమకి పోద్ది. ఒకసారి చూశాం కదా.”

“తిరుగుద్ది. నానమ్మని అడుగు.”

నేను అమ్మ వైపు చూశాను.

“నా ఎంక సూత్తావేంట్రా? నువ్వు వేట నించి వచ్చి తొంగున్నాక రోజూ ఇది మీ అయ్య పాత నావ ఏసుకుని ఉప్పుటేట్లో సుక్కాని తిప్పుతానే ఉంది. నేను పక్కనే కూకున్నాను. మొదట్లో మడ సెట్లకి గుద్దేసింది. ఇప్పుడు నీకంటే నిదానం.”

“విరిగిన చేత్తోనా?”

“ఎడం సెయ్యి కాళీయే కదరా.”

“ఆడపిల్లని నావ మీద...” అనబోయాను.

“అది సముద్రం కాదు. ఏరు” అంది అమ్మ. ఆవిడ దగ్గర ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉంటుంది.

పాప వంగి నాకు మాత్రమే వినపడేలా చెప్పింది. “బోల్టు పట్టెయ్యలేదు నాన్నా. నువ్వు వేటకెళ్ళాక విప్పి చూసి మళ్ళీ బిగించేశాను. తాళ్ళు నేనే కట్టుకోవచ్చు. నువ్వు భయపడుతున్నావని కట్టలేదు.”

నాకు సిగ్గేసింది బేబీ. కూతురి ముందు అంత సిగ్గు పడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. వెనక బండివాళ్ళు తొందరపెడుతున్నారు. దిగాను. హెల్మెట్ తీసి దాని తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ నేనే బిగించాను.

నేను అడ్డదారిన పరిగెత్తి మలుపు కనపడే చోట నిలబడ్డాను. నీలం బండి వచ్చింది. బాగా వేగంగా వచ్చింది. పాప కర్రను ఎడమకు నెట్టింది, బండి కుడికి తిరిగింది. వెంటనే ఇంకో మలుపు. కర్ర కుడికి నెట్టింది, ఎడమకు తిరిగింది. ఒక్కసారి కూడా చేతి వైపు చూడలేదు. రోడ్డు వైపే చూస్తోంది, కొంచెం పక్కకు ఒరిగి, పెదవి బిగబట్టి. పెద్ద అల వచ్చినప్పుడు నేను అలాగే కూర్చుంటానని మా పడవలోవాళ్ళు ఎగతాళి చేస్తారు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. మా నాన్న చనిపోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని వాడిని, ముక్కూ మొహం తెలియని కాలేజీ పిల్లల మధ్య ఏడ్చాను.

బహుమతి రాలేదు. నాలుగో స్థానం. అరటిపండుకు మూడో బహుమతి వచ్చింది, అదొక్కటే అమ్మకు మింగుడుపడలేదు.

తిరిగి వస్తూ వ్యానులో, “ఇప్పుడు తాళ్ళు కట్టేస్తానమ్మా” అన్నాను. “వద్దు నాన్నా, ఇదే బాగుంది” అంది. తరవాత, “ఒక్కసారి నన్ను సముద్రం మీదకి తీసుకెళ్తావా?” అని అడిగింది.

అమ్మ గయ్యిమంది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒడ్డు దాకానే. మా అమ్మా అంతే, నువ్వూ అంతే. గాలి బాగాలేదని, ఇంజను సరిగ్గా లేదని ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ అబద్ధం చెబితే ఈ పిల్ల మళ్ళీ “సరే నాన్నా” అంటుందని తెలుసు. ఆ మాట ఇంకోసారి అనిపించుకోలేను.

వచ్చే ఆదివారం గాలి లేకపోతే, తెల్లవారాక, ఒడ్డు కనపడేంత దూరం తీసుకెళ్తానని మాటిచ్చాను. ఈ ఉత్తరం ఆలోపే నీకు అందుతుంది. ఫోన్ చేసి నన్ను ఎంత తిడతావో తిట్టు, పడతాను. పాపను మాత్రం వద్దనకు. చుక్కాని కర్ర దాని చేతికిచ్చి, నేను ముందు వైపు వెళ్ళి కూర్చుంటాను.

ఇట్లు,
తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్న
నీ భర్త,
లోవరాజు