బావకు చెప్పని మాట

శనివారం రాత్రి, అక్కుపల్లి

పలాసలో బావకు డయాలసిస్ చేయించి మధ్యాహ్నం ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. మంచం మీద వాలగానే ఆయన మా స్టీల్ మిల్లు గురించే అడిగాడు.

"కొత్త లేజరు ఎలాగుందిరా? రోల్ వంకర సూపిత్తందేటి?"

"వెంట్రుకవాసి తేడా ఉన్నా తెర మీద సూపిత్తంది బావా. కింద సన్నటి పలక పెట్టి సరిసేసేత్తన్నాం."

ఇదివరకు లేజరు లేనప్పుడు, ఉక్కు రేకు సాగే ఆ రోల్స్‌ను మేమిద్దరం తీగ లాగి, కళ్లు చికిలించుకుని సరిచేసేవాళ్లం. రోల్ కాస్త పక్కకు జరిగినా ఉక్కు రేకు ఓ అంచుకు లాగేసేది. ఆ పని నాకు నేర్పింది బావే.

"వచ్చే షట్‌డౌన్‌కి మిల్లు ఆపినప్పుడు నానూ వత్తాను. ఆ లేజరు నాకూ నేర్పు," అన్నాడు.

వాచిపోయిన ఆయన పాదాలు చూస్తూ, "అలాగే బావా," అన్నాను. వెంటనే అక్కను కేకేసి అటక మీది సేఫ్టీ బూట్లు దించమన్నాడు. అక్క దించి, దుమ్ము దులిపి ఎండలో పెట్టింది.

తర్వాత పెరట్లో నన్ను నిలదీసింది. "ఇంక లాభం నేదని నీతో అన్నాడు కదా డాక్టరు. ఆ మాట ఆయనకి సెప్పనేదేటి?"

చెప్పలేకపోయాను. రేపు పొద్దున్న బండికి నేను మిల్లుకు వెళ్లిపోతే, ఆ మాట అక్క ఒక్కతే ఆయనకు చెప్పాలి...