పగలు కనిపించని గోడ

ఏప్రిల్ 6, ఆదివారం

నిన్న సాయంత్రం గాలివాన. పెద్ద ఉరుము ఉరిమింది, ఫట్‌మని శబ్దం, టీవీ పోయింది. మెకానిక్ వచ్చి చూసి, బోర్డు మొత్తం కాలిపోయింది, కొత్తది కొనుక్కోవడమే నయం అన్నాడు.

మా ఆయన శ్యామ్ యాభై ఐదు అంగుళాల టీవీ కొందామన్నాడు. నేను ప్రొజెక్టర్ అన్నాను. గోడంతా బొమ్మ వస్తుంది, పాప కళ్ళకు స్ట్రెయిన్ తక్కువ, ఇంట్లోనే థియేటర్‌లా ఉంటుంది అని చెప్పుకుంటూ పోయాను. నా మాటకు ఎదురు చెప్పడం ఆయనకు రాదు. సరేనన్నాడు. మామయ్య మాత్రం ఒక్కటే అడిగారు.

"పగలు కూడా కనబడుద్దా అమ్మా?"

కనబడుతుంది మామయ్యా అన్నాను.

ఏప్రిల్ 7, మధ్యాహ్నం

ఇక్కడైనా నిజం రాయాలి. ప్రొజెక్టర్ పగటి వెలుతురులో సరిగ్గా కనబడదని నాకు తెలుసు. రివ్యూలన్నీ చదివాను. అందుకే అది కావాలన్నాను.

మా మామయ్య జక్రయ్యగారికి డెబ్భై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళు మిర్చి యార్డులో బస్తాలు మోశారు. ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. అత్తయ్య చనిపోయిన దగ్గర్నుంచి పొద్దున టీవీ పెడితే మళ్ళీ రాత్రి భోజనాల వేళకే ఆపుతారు. సౌండ్ నల్లపాడు రైల్వే స్టేషన్ దాకా వినపడుతుంది. పక్క గదిలో నా ఆన్‌లైన్ మ్యాథ్స్ క్లాసులు. పోయిన నెల ఒక పిల్లాడి తల్లి, మేడమ్, మీరు సంతలో కూర్చుని పాఠం చెబుతున్నారా అని మెసేజ్ పెట్టింది. ఆ రోజంతా అన్నం సహించలేదు.

సౌండ్ కొంచెం తగ్గించండి అని ఒక్క మాట అడిగితే ఆయన తగ్గించేవారు. హెడ్‌ఫోన్స్ కొనిచ్చినా పెట్టుకునేవారు. కానీ అడిగితే మామగారి నోరు నొక్కిన కోడలిని అవుతాను. ప్రొజెక్టర్ కొంటే ముచ్చటైన కోడలిని.

ఏప్రిల్ 8

షాపులో కుర్రవాడు హాలుకు ఎన్ని కిటికీలు అని అడిగాడు. నాలుగు అన్నాను. అయితే మేడమ్, పగలు చూసేవాళ్ళు ఉంటే టీవీయే తీసుకోండి అన్నాడు. శ్యామ్ బయట బండి పార్క్ చేస్తున్నాడు. ఆయన లోపలికి వచ్చేలోగా, మాకు పగలు చూసేవాళ్ళు ఎవరూ లేరు, ప్యాక్ చెయ్యండి అన్నాను.

ఏప్రిల్ 9

సాయంత్రం గోడ మీద మొదటి సినిమా. మా పాప స్తుతి ఎగిరి గంతులేసింది. పక్కింటి జానీబీగారు కూడా వచ్చి చూశారు. మామయ్య చప్పట్లు కొట్టి, "ఏందమ్మా ఇది, ఇంటికే హాలు తెచ్చేశావే!" అన్నారు.

ఏప్రిల్ 10

నాలుగు క్లాసులు. ఒక్క కంప్లైంట్ లేదు. ఎంత ప్రశాంతంగా ఉందో.

ఏప్రిల్ 14, సోమవారం

క్లాసుకీ క్లాసుకీ మధ్య మంచినీళ్ళకు వచ్చాను. నలభై రెండు డిగ్రీల ఎండ. మామయ్య కిటికీలన్నీ మూసి, ఒక దానికి దుప్పటి, ఇంకోదానికి తన పంచె కట్టి, ఉక్కలో గోడకు రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చొక్కా తడిసిపోయింది. గోడ మీద నీళ్ళలో సున్నం కలిపినట్టు ఏవో పాలిపోయిన ఆకారాలు. మాటలు ఒక్కటీ అర్థం కానంత సన్నగా వస్తున్నాయి. దాని స్పీకర్ అంతే.

నీకు బాగానే కనబడుతోందా అమ్మా అని అడిగారు.

క్లాసుకు రెండు నిమిషాలే ఉంది. బాగానే కనబడుతోందిగా మామయ్యా అని గదిలోకి వచ్చేశాను.

ఆయన కళ్ళు నులుముకోవడం తలుపు సందులోంచి చూశాను. చూసి తలుపు వేశాను.

ఏప్రిల్ 16

మామయ్య ఇవాళ ప్రొజెక్టర్ పెట్టలేదు. బైబిల్ తీసి ఒక కన్ను మూసి చదివారు, తర్వాత రెండోది మూసి చదివారు. ఏంటని నేను అడగలేదు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే, సాయంత్రం 5

చర్చిలో ఆరాధన అయ్యాక ప్రార్థన మనవులు ఉంటే చెప్పమన్నారు పాస్టర్‌గారు. మామయ్య లేచారు. మూడేళ్ళ క్రితం శుక్లాలు తీయించుకున్నాననీ, ఇప్పుడు పగటిపూట చూపు మసకబారుతోందనీ, ఇంట్లో గోడంత బొమ్మ కూడా తెలియడం లేదనీ చెప్పారు. మా కోడలు ముచ్చటపడి తెచ్చింది, ఆ పిల్లకు చెబితే బాధపడుద్దని ఊరుకున్నా అన్నారు. నేను ఆడవాళ్ళ వరసలో మూడో చాప మీద ఉన్నాను.

సంఘమంతా కళ్ళు మూసుకుంది. పాస్టర్‌గారు ఆయన తల మీద చెయ్యి వేసి, గుడ్డివారికి చూపునిచ్చిన ప్రభువా అని మొదలుపెట్టారు. రెబ్కా ఆంటీ నా పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. నా చెయ్యి కూడా పట్టుకుంది.

చివర్లో అందరితోపాటు ఆమెన్ అన్నాను.

అదే రోజు, రాత్రి 8 గంటలు

శ్యామ్‌కు అంతా చెప్పాను. షాపు సంగతి కూడా. తిడతాడనుకున్నాను. "ఆమెన్ కూడా అన్నావా జయా?" అన్నాడు. అంతే.

ఏప్రిల్ 19

పొద్దున మామయ్యకు టీ ఇచ్చి కింద కూర్చున్నాను. చెవి దగ్గర గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి మాట అరిచి చెప్పడం ఎంత నరకమో. మీ కళ్ళు బాగానే ఉన్నాయి. అది పగలు ఎవరికీ కనబడదు. నాకు ముందే తెలుసు. మీరు టీవీ పెట్టకూడదనే కొన్నాను.

ఆయన కప్పు నేల మీద పెట్టారు. "అంత గట్టిగా పెట్టేవాణ్ణా?" అని అడిగారు.

అవును మామయ్యా.

"చెప్పొచ్చుగా అమ్మా."

తర్వాత ఆయన మొహంలోకి ఏదో భయం వచ్చింది. "అందరిచేతా ప్రార్థన చేయించానే. ఇప్పుడు ఏం చెప్పను?"

నిజం చెప్పండి అన్నాను. నోటితో అన్నాను గానీ, నా పేరు చెప్పకపోతే బాగుండునని మనసులో ఉంది.

ఏప్రిల్ 20, ఈస్టర్

సాక్ష్యాల వేళ మామయ్య లేచారు. నా కళ్ళలో ఏ లోపమూ లేదని దేవుడు నాకు తెలియజేశాడు అన్నారు. ఎవరి నోట తెలియజేశాడో చెప్పలేదు. సంఘమంతా స్తోత్రం అంది. నేను అనలేదు.

చర్చి మెట్లు దిగేటప్పుడు మామయ్య ఆసరాగా నా భుజం పట్టుకున్నారు. ఎప్పుడూ పట్టుకోరు.