కంచె లేని మడ

జూన్ 4

బందరు వెళ్ళొచ్చాను. మా పీతల సంఘం రిజిస్ట్రేషన్ అయిపోయింది. సంఘమంటే మడ అడవిలో దిగి చేత్తో పీతలు పట్టే ఆడవాళ్ళం. మా అత్త మహాలక్ష్మమ్మ ప్రెసిడెంట్. బీకాం చదివిన కోడలిని కాబట్టి నేను సెక్రటరీ.

ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న ఈ మడ పంచాయతీది. అందులో సగం చచ్చిపోయింది. ఎప్పుడో ఎవరో రొయ్యల చెరువు తవ్వి, తెగులొస్తే వదిలేసి పోయారు. గట్టు మాత్రం మిగిలింది. పోటు నీళ్ళు లోపలికి రాక చెట్లు నిలబడినచోటే ఎండిపోయాయి. హైదరాబాద్‌లో ఒక ఫౌండేషన్ ఇలాంటి ఊరుమ్మడి అడవులు బాగుచేయడానికి గ్రాంట్ ఇస్తుందట. అప్లై చేస్తున్నాం.

గుడివాడ నరసింహారావు గారు కూడా ఆ చచ్చిన ముక్కనే లీజుకు అడుగుతున్నారు. మళ్ళీ చెరువులకే. చూద్దాం.

జూన్ 9

అప్లికేషన్‌లో బెనిఫిషియరీస్ ఎవరు అని ఒక ప్రశ్న. అత్తని అడిగాను. పీతలు, కొంగలు, ఆ తర్వాత మనం అంది. అలాగే రాశాను. బాగుండదేమోనని కొట్టేసి మనల్ని ముందు పెట్టాను. పొద్దున లేచి మళ్ళీ అత్త చెప్పినట్టే మార్చాను.

జూన్ 13

వేట నిషేధం రేపటితో అయిపోతుంది. మా ఆయన వెంకటరమణ మాత్రం బోటెక్కనంటున్నాడు. నరసింహారావు గారు తన చెరువుల దగ్గర కాపలా పని ఇస్తామన్నారట. మడ ముక్క లీజుకి వస్తే ఉద్యోగం పర్మనెంట్.

కిందటేడు వాయుగుండంలో బోటు తిరగబడింది. తెల్లారేదాకా నీళ్ళలోనే ఉన్నాడు. సముద్రమంటే భయమేస్తోందని నాతో తప్ప ఎవరితోనూ అనడు. ఆ భయం అబద్ధం కాదు. అలాగని లీజుకి నేను ఒప్పుకోను. ఈ రెండూ కలిపి ఎలా మోయాలో తెలియడం లేదు.

జూన్ 14

వెళ్ళాడు. కాపలాకి.

జూన్ 25

గ్రామసభ. గ్రాంట్‌కి పంచాయతీ తీర్మానం కావాలి. లీజుకీ కావాలి. రెండూ ఒకే రోజు పెట్టారు.

లీజు వైపు మాట్లాడడానికి ముందుగా లేచింది మా ఆయనే. చచ్చిన చెట్లు కూడు పెడతాయా, చెరువులొస్తే మగవాళ్ళకి పనులొస్తాయి అన్నాడు. నా వైపు చూడలేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

నేను లేచాను. చెరువు ఎన్నాళ్ళుంటుందో ఆ గట్టునడగండి అన్నాను. ఒకసారి తవ్వి వదిలేసినవాళ్ళు మళ్ళీ వదిలేయరని గ్యారంటీ ఎవరిస్తారని అడిగాను. వెనక నుంచి ఎవడో, మొగుడికి ఎదురు నిలబడడానికి సిగ్గు లేదా అన్నాడు. అత్త అక్కడే కూర్చుని గట్టిగా అంది.

"సిగ్గెందుకురా? కన్నదాన్ని నేనే. నేనూ వాడికి ఎదురే."

సర్పంచ్ రత్నకుమారి గారు చేతులెత్తమన్నారు. ఆడవాళ్ళ చేతులే ఎక్కువ లేచాయి. తీర్మానం మాది. మెయిల్ పంపించేశాను.

ఇంటికొచ్చాక అన్నం పెట్టాను. తిన్నాడు. చాప తీసుకుని అరుగు మీదికి పోయాడు.

జూలై 20

ఫౌండేషన్ నుంచి పూర్ణిమ గారు వచ్చారు. సైట్ విజిట్. మంచి మనిషే. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాళ్ళ లోతు బురదలో మాతోపాటు నడిచారు. గట్టు తెగ్గొట్టి కాలువలు తవ్వితే నీళ్ళే మిగతా పని చేస్తాయని మేం అంటే, నిజమే, వేరేచోట్ల కూడా అలాగే బాగుపడ్డాయన్నారు.

తర్వాత అత్తని ఒక చచ్చిన చెట్టు పక్కన నిలబెట్టి, డెబ్బయ్యేడు ఉప్పెనలో మీ ఇంట్లో ఎవరెవరు పోయారో వీడియోలో చెప్పమన్నారు. ట్రస్టీలకి చూపిస్తే హెల్ప్ అవుతుందట. అత్త ముఖం మారిపోయింది.

"నా వాళ్ళ చావులు సినిమా ఆడించడానికి కాదమ్మా. కావాలంటే పీత ఎలా పట్టాలో చూపిస్తా, తీసుకో."

పూర్ణిమ గారు ఫోన్ లోపల పెట్టేశారు. సారీ చెప్పారు. గ్రాంట్ పోయిందేమోనని నాకు భయమేసింది. అయినా అత్తని ఒక్క మాట అనబుద్ధి కాలేదు.

ఆగస్టు 8, మధ్యాహ్నం

సెలెక్ట్ అయ్యాం!! రోడ్డు మీదే అరిచేశాను. ప్రేమమ్మ పిన్ని పీతల బుట్ట పడేసి వచ్చి వాటేసుకుంది.

ఆగస్టు 8, సాయంత్రం

మెయిల్ మొత్తం ఇప్పుడు చదివాను. చివర్లో ఒక కండిషన్ ఉంది. మడ చుట్టూ ఫెన్సింగ్ వేయాలి. ఐదేళ్ళు లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. పచ్చగా ఉన్న సగంలోకి కూడా. పీతల కోసం కూడా. దాని పేరు ప్రొటెక్షన్.

ఆగస్టు 9

అందర్నీ మా ఇంటి ముందు కూర్చోబెట్టి చదివి చెప్పాను. కొంతమంది ఒప్పేసుకుందాం, తర్వాత సంగతి తర్వాత అన్నారు. వాళ్ళనీ తప్పుపట్టలేను. ఇంత దూరం వచ్చాం. ప్రేమమ్మ పిన్ని మాత్రం, రొయ్యల వాళ్ళు గట్టు కట్టారు, వీళ్ళు కంచె కడతామంటున్నారు, మనకి తేడా ఏముందే దివ్యా అంది.

కంచె వద్దనేవాళ్ళు చేతులెత్తమన్నాను. అందరూ ఎత్తారు. ఒప్పేసుకుందామన్న వాళ్ళు కూడా.

ఆగస్టు 11

పూర్ణిమ గారికి ఫోన్ చేశాను. రాత్రంతా ఇంగ్లీషులో ప్రాక్టీస్ చేసుకున్నాను గానీ తెలుగులోనే వచ్చేసింది. మడని పాడుచేసింది మేం కాదండీ, చూసుకుంటున్నది మేం అన్నాను. మమ్మల్ని బయట నిలబెట్టే గ్రాంట్ మాకొద్దన్నాను. ఆవిడ చాలాసేపు బతిమాలారు. కండిషన్ తన చేతుల్లో లేదన్నారు. అయితే ఇదీ నా చేతుల్లో లేదండీ, సంఘం మాట అన్నాను.

పెట్టేశాక వెళ్ళి అత్తకి చెప్పాను.

ఆగస్టు 12

నాకు పిచ్చెక్కిందని ఊరంతా అంటోంది.

ఆగస్టు 22

గ్రాంట్ లేదు. తీర్మానం ఉంది. పారలు ఉన్నాయి. రేపు అమావాస్య, పెద్ద పోటు వస్తుంది. పొద్దున్నే వెళ్ళి గట్టు తెగ్గొట్టడం మొదలుపెట్టాం.

ఎవరు చెప్పారో, నరసింహారావు గారు మమ్మల్ని ఆపడానికి మనిషిని పంపారు. ఆ మనిషి మా ఆయన.

గట్టు మీద నిలబడి పిలిచాడు. "దివ్యా, పైకి రా. నా ఉద్యోగం పోద్ది."

"తెలుసు మావా," అన్నాను. "పోనీ. నువ్వు బోటెక్కక్కర్లేదు. నేనుండగా నిన్నెవరూ ఎక్కమనరు."

ఆ భయం సంగతి అందరి ముందూ బయటపెట్టేశానని అన్నాకగానీ తెలియలేదు. అతని ముఖం నల్లబడింది. అత్త పార ఆపి కొడుకుని చూసింది. ఎవరూ నవ్వలేదు. ఒక్కరూ నవ్వలేదు.

అతను ఫోన్ తీశాడు. మేం వినేటట్టే మాట్లాడాడు. పంచాయతీ తీర్మానం ఉందండీ, ఆపే హక్కు మనకి లేదండీ, నేను ఆపను అన్నాడు. అవతల నుంచి వచ్చిన తిట్లు గట్టు కింద మాక్కూడా వినిపించాయి. ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పార పట్టలేదు. వెనక్కి చూడలేదు.

మేం తవ్వాం.

ఆగస్టు 23

నీళ్ళొచ్చాయి. ముందు సన్నగా, నురగతో. తర్వాత గట్టు అంచులు విరిగిపడుతూ ఒక్కసారిగా. ఆ నేల పగుళ్ళలోంచి గాలి బుడబుడమని పైకి వచ్చింది. ప్రేమమ్మ పిన్ని ఏడ్చింది. నేను బురదలో జారి పడ్డాను.

ఆగస్టు 30

మా ఆయన అత్త పాత నాటుపడవకి అడుగున చెక్క మారుస్తున్నాడు. సముద్రం కాదట, పాయలోనే వలేస్తాడట. ఇది నాకు చెప్పలేదు, అత్తకి చెప్పాడు. నా మీద కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఓపిక పడతాను.

సెప్టెంబర్ 16

పూర్ణిమ గారు ఫోన్ చేశారు. మా గ్రాంట్ ఈసారికి వేరే ఊరికి ఇచ్చేశారట. కానీ నేను పంపిన మా కాలువ ఫోటోలు ట్రస్టీల మీటింగ్‌లో పెట్టి గట్టిగా వాదించారట. వచ్చేసారి నుంచి కంచె కండిషన్ తీసేస్తున్నారట. మళ్ళీ అప్లై చేస్తారా అని అడిగారు.

చేస్తాం అన్నాను. ఈలోపు రెండో కాలువ తవ్వుతుంటాం, మమ్మల్ని ఆగమనకండి అన్నాను.

అక్టోబర్ 7

చచ్చిన నేల మీద, పోటు వెనక్కి తీసిన తర్వాత, మడచెట్ల కాయలు. ఎక్కడెక్కడి నుంచో కొట్టుకొచ్చినవి. కొన్నిటికి అప్పుడే వేరు దిగింది. మేమెవరం నాటలేదు. ఎవరినీ అడక్కుండానే వచ్చేశాయి.